తెలుగు మీదుగా కొరియన్

ఏలూరు పవర్‌పేటలోనైనా తాడేపల్లిగూడెంలోనైనా కైకలూరులోనైనా ఇంటర్, ఇంజినీరింగ్ చదివే పిల్లల ఫోన్లలో ఇప్పుడు కొరియన్ కీబోర్డు కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. ఈ ఆసక్తి రెండు వైపుల నుంచి వచ్చింది. మొదటిది తెర. నందినీరెడ్డి తీసిన ‘ఓ బేబీ’ 2019లో మన హాళ్లలో ఆడినప్పుడు అది 2014 నాటి కొరియన్ సినిమా ‘మిస్ గ్రానీ’కి రీమేక్ అని చాలామంది పట్టించుకోలేదు. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, ‘స్క్విడ్ గేమ్’ వచ్చింది, బీటీఎస్ పాటలు వచ్చాయి. పిల్లలు నేరుగా మూలానికే వెళ్లిపోయారు. రెండోది ఉద్యోగం. 2017లో కియా సంస్థ మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం కట్టింది. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ఆ ఫ్యాక్టరీ వెంట విడిభాగాల కంపెనీలు వచ్చాయి, కొరియన్ భోజనశాలలు వచ్చాయి, కొరియన్ అక్షరాల బోర్డులూ వచ్చాయి. 2025లో ఎల్‌జీ సంస్థ శ్రీసిటీలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. శ్రీసిటీ దాటి చెన్నై పక్కకు వెళితే శ్రీపెరుంబుదూరులో 1990ల నుంచీ హ్యుందాయ్ ఉండనే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా హైస్కూలు స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో కొరియన్ పేరు చెప్పింది.

కోరిక ఉంది, కారణం ఉంది. ఏలూరులో కూర్చుని దీన్ని నేర్చుకోవడం ఎలా? ఏ దారిలో వెళితే ఫలితం ఉంటుంది, ఏ దారిలో డబ్బూ కాలమూ పోతాయి? ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెబుతాను. మన పిల్లలు కొరియన్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకుంటున్నారు. యాప్ ఇంగ్లీషుది, పుస్తకం ఇంగ్లీషుది, యూట్యూబ్ మాస్టారు చెప్పేదీ ఇంగ్లీషులోనే. అందువల్ల ఇంగ్లీషువాళ్లకు మాత్రమే ఉండే కష్టాలను కూడా మనం నెత్తిన వేసుకుంటున్నాం. తెలుగు వచ్చినవాళ్లకు కొరియన్ వ్యాకరణంలో సగానికి పైగా ముందే తెలిసి ఉంటుంది. ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ ఒకటి నడుపుతుంది. దాని లెక్కలో కొరియన్ అతి కష్టమైన భాషల కోవలోకి వస్తుంది, 2,200 గంటల తరగతులు కావాలంటారు. ఈ అంకె ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపించి మన పిల్లల్ని భయపెడుతోంది. అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం వేసిన లెక్క. మన లెక్క వేరు. ఎందుకు వేరో ఒక్క వాక్యంతో చూపిస్తాను.

‘నిన్న ఏలూరులో స్నేహితుణ్ణి కలిసి సినిమా చూశానండి.’ దీన్ని కొరియన్‌లో ఇలా అంటారు: ‘ఒజే ఏలూరుఎసొ చింగురుల్ మన్నసొ యొంగ్హ్వారుల్ బ్వాస్సొయొ.’ తెలుగులో ఆరు మాటలు, కొరియన్‌లో ఆరు మాటలు. ఒజే అంటే నిన్న. ఏలూరుఎసొలో ‘ఎసొ’ మన ‘లో’. చింగు స్నేహితుడు, ‘రుల్’ మన ద్వితీయా విభక్తి. మన్నసొ అంటే కలిసి. యొంగ్హ్వా సినిమా. బ్వాస్సొయొ అంటే చూశానండి. ఒక్క మాట కూడా స్థానం మారలేదు. ఇంగ్లీషులో ఇదే చెప్పాలంటే ‘నేను’ ముందుకు రావాలి, ‘కలిశాను’ స్నేహితుడికి ముందు రావాలి, ‘నిన్న’ ఎక్కడో మధ్యలో పడాలి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాడు కొరియన్ నేర్చుకోవడం మొదలుపెడితే ఈ వరుసను తలకిందులు చేసి ఆలోచించడం అలవాటు కావడానికే నెలలు పడుతుంది. మనకు ఆ శ్రమ లేదు.

పోలిక ఇక్కడితో ఆగదు. ‘నిన్న కొన్న పుస్తకం’ అనడానికి ‘ఒజే సన్ చేక్’ అంటారు. క్రియను విశేషణంలా మార్చి నామవాచకానికి ముందు పెట్టడం మన వ్యాకరణంలో క్రియాజన్య విశేషణం. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి ఒక అధ్యాయం కేటాయించి బోలెడు వివరణ ఇస్తాయి. తెలుగు పిల్లలకు ‘కొన్న’ అంటే ‘సన్’ అని చెబితే చాలు, పాఠం అయిపోయింది. ‘తిని చూడండి’ అనేది ‘మొగొ బోసెయొ’. ఇక్కడ కూడా తినడం, చూడటం అనే రెండు క్రియలే కలిశాయి, అర్థమూ అదే. ‘రాసివ్వండి’ని ‘స్సొ జుసెయొ’ అంటారు, రాయడం పక్కన ఇవ్వడం. ‘వస్తే’ అనడానికి ‘ఓమ్యొన్’. ‘వస్తానని అన్నాడు’లోని ‘అని’ ఎక్కడ వస్తుందో కొరియన్ ‘గొ’ కూడా అక్కడే వస్తుంది. కర్తను చెప్పకుండా వదిలేయడం, ప్రశ్నకు వాక్యం తిప్పకుండా చివర స్వరం పెంచడం, ఇవన్నీ మనకు పుట్టుకతో వచ్చినవే.

ఈ పోలికను మొదట గమనించింది మనం కాదు. 1886లో కొరియాకు ఉపాధ్యాయుడిగా వెళ్లిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లో కొరియన్ భాషనూ భారతదేశపు ద్రావిడ భాషలనూ పోల్చి ఒక వ్యాకరణమే రాశాడు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవని ఆయన నమ్మాడు. ఆ వాదాన్ని నేటి భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోరు, నిర్మాణంలో పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదంటారు. కొరియన్, తమిళం అక్కాచెల్లెళ్లని చెప్పే వీడియోలను అందుకే జాగ్రత్తగా చూడాలి. ‘అప్పా’, ‘ఒమ్మా’ లాంటి మాటలు ప్రపంచంలో చాలా భాషల్లో ఉంటాయి. చుట్టరికం ఉన్నా లేకపోయినా నేర్చుకునేవాడికి పనికొచ్చేది ఆ నిర్మాణమే.

మర్యాద విషయంలో మన జిల్లాల వాళ్లకు దక్కిన అదనపు లాభం ఒకటుంది. గోదావరి మాటలో ‘అండి’ ఏ మాటకైనా అతుక్కుంటుంది. ‘ఏం తాగుతారు?’ అంటే ‘కాఫీ అండి’ అంటాం. కొరియన్‌లో ‘కొఫి యొ’ అంటారు. ఆ ‘యొ’ చేసే పని అచ్చంగా ‘అండి’ పనే. ఇంకా లోతుకు వెళితే, ‘తాతగారు వచ్చారండి’ అన్నప్పుడు ‘రు’ తాతగారికి ఇచ్చే గౌరవం, ‘అండి’ వింటున్నవారికి ఇచ్చే గౌరవం. ‘తమ్ముడు వచ్చాడండి’ అన్నప్పుడు తమ్ముడికి గౌరవం లేదు, వినేవారికి ఉంది. కొరియన్‌లోనూ ఇవి రెండూ వేరువేరు పొరలు. ‘హరబొజిక్కెసొ ఒష్యొస్సొయొ’ అంటే తాతగారు వచ్చారండి, ‘తోంగ్సేంగి వాస్సొయొ’ అంటే తమ్ముడు వచ్చాడండి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ భాగం చదివితే తల తిరుగుతుంది. తాడేపల్లిగూడెం బస్టాండులో మాట్లాడుకునే తెలుగు తలుచుకుంటే వెంటనే అర్థమవుతుంది. బంధువుల పిలుపులూ అంతే. మేనత్తకు ‘కోమొ’, అమ్మ అక్కచెల్లెళ్లకు ‘ఇమొ’. మేనమామకు వేరే మాట, బాబాయికి వేరే మాట. అన్నయ్యను ఆడపిల్ల ‘ఒప్పా’ అంటుంది, మగపిల్లాడు ‘హ్యొంగ్’ అంటాడు. ఈ తేడా ఒక్కటీ మనకు కొత్త.

అలాగని తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. కర్త పక్కన చేరే ప్రత్యయాలు రెండు రకాలు, ‘ఇ/గా’ ఒకటి, ‘ఉన్/నున్’ మరొకటి. తెలుగులో కర్తకు ప్రత్యయం ఉండదు కాబట్టి ఇక్కడ అందరిలాగే మనమూ తడబడతాం. ‘ఎవరు చేశారు?’ అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చే ‘నేను’కు ‘గా’ చేరుతుంది. ‘నేనైతే’, ‘నా మటుకు నేను’ అన్న ధోరణిలో వచ్చే ‘నేను’కు ‘నున్’ చేరుతుంది. ఈ సూత్రం ముప్పాతిక వంతు చోట్ల పనిచేస్తుంది, మిగతాది వినగా వినగా రావాలి. లెక్కపెట్టడం ఇంకో చిక్కు. కొరియన్లకు సంఖ్యలు రెండు వరుసలు, ఒకటి సొంతం, ఒకటి చైనా నుంచి వచ్చింది. గంటలకు సొంత సంఖ్యలు, నిమిషాలకు చైనా సంఖ్యలు వాడతారు. పైగా లెక్కించే వస్తువును బట్టి పక్కన ఒక మాట చేర్చాలి. మనకు ‘రెండు’, ‘ఇద్దరు’ అన్న తేడా ఒక్కటే. వాళ్లకు మనుషులకు ఒకటి, పుస్తకాలకు ఒకటి, జంతువులకూ పక్షులకూ చేపలకూ ‘మరి’. మూడు రొయ్యలు అనాలంటే ‘సేఉ సే మరి’. చెరువు గట్ల మీద పెరిగిన పిల్లలకు ఇంతకన్నా మంచి అభ్యాసం దొరకదు.

లిపి సంగతి త్వరగా తేల్చేయవచ్చు. హంగుల్‌ను సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రజలకు ప్రకటించాడు. అప్పుడు 28 అక్షరాలు, ఇప్పుడు 24. జంటలతో కలిపితే 19 హల్లులు, 21 అచ్చులు. హల్లుల ఆకారాలు నోటిలో నాలుక, పెదవులు, గొంతు ఉండే తీరును చూసి గీసినవి. హల్లు, అచ్చు, అవసరమైతే కింద ఇంకో హల్లు కలిపి ఒక గడిలో పేరుస్తారు. ఇది మన గుణింతం, వత్తుల పద్ధతికి దగ్గరది. కొరియన్ పిల్లల పాత పలక చదువు కూడా ‘క, క్య, కొ, క్యొ’ అంటూ సాగే గుణింతమే. 1926లో హంగుల్ పండుగ మొదటిసారి జరిపినప్పుడు దాన్ని ఆ గుణింతం పేరుతోనే ‘కగ్యా రోజు’ అన్నారు. ఒక శని, ఆదివారాలు కూర్చుంటే హంగుల్ చదవడం వచ్చేస్తుంది. వచ్చాక కొరియన్ మాటల్ని తెలుగు అక్షరాల్లోగాని ఇంగ్లీషు అక్షరాల్లోగాని రాసుకోవడం పూర్తిగా మానేయాలి. ఈ వ్యాసం తెలుగు లిపిలో అచ్చవుతోంది కాబట్టి ఇక్కడ అలా రాయక తప్పలేదు. మీ నోటుపుస్తకంలో ఆ పని చేయవద్దు. కొరియన్‌లో రెండు వేరువేరు అచ్చులు ఉన్నచోట తెలుగులో ఒకే ‘ఒ’ రాయాల్సి వస్తుంది. అదే అలవాటైతే తర్వాత వదిలించుకోవడం కష్టం.

ఉచ్చారణలో మనం ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాల్సినవి మూడు. మొదటిది రెండు అచ్చులు. ఒకటి పెదవులు గుండ్రంగా చేయకుండా పలికే ‘ఒ’, రెండోది పెదవులు సాగదీసి పలికే ‘ఉ’. ఇవి తెలుగులో లేవు, అద్దం ముందు నిలబడి పెదవులు చూసుకుంటూ పలకాలి. రెండోది ‘క’ కుటుంబం. కొరియన్‌లో మామూలు క, ఒత్తి పలికే ఖ, బిగబట్టి పలికే క్క అని మూడు. మనం సహజంగా పలికే ‘క’ వాళ్ల చెవికి ఆ బిగబట్టిన క్కకు దగ్గరగా వినిపిస్తుంది. ‘ఖ’ మనకు అక్షరమాలలో ఉన్నా మాటలో చాలామందిమి దాన్ని ‘క’గానే అనేస్తాం. మహాప్రాణాలను గాలి వదిలి పలకడం కొరియన్ కోసమైనా ఇప్పుడు నేర్చుకోవాలి. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని పలికితే ‘ఖ’కు కాగితం కదలాలి, ‘క్క’కు కదలకూడదు. మూడోది మాట చివరి హల్లు. తెలుగు అజంత భాష, ‘బస్’ను ‘బస్సు’ చేసుకుంటాం. కొరియన్‌లో ‘పప్’ అంటే అన్నం, చివర పెదవులు మూసి అక్కడే ఆపేయాలి. మనవాళ్లు ‘పప్పు’ అంటారు.

ఇంకోవైపు ఉచ్చారణలోనే మనకు ఒక వరం ఉంది. రాసేది ఒకటి, పలికేది ఒకటి అని కొరియన్ మీద ఫిర్యాదు చేసేవాళ్లు చాలామంది. రాసేది ‘హప్‌నిద’, పలికేది ‘హమ్‌నిద’. రాసేది ‘హక్‌న్యొన్’, పలికేది ‘హఙ్‌న్యొన్’. రాసేది ‘క్కుత్‌నద’, పలికేది ‘క్కున్నద’. హైస్కూల్లో అనునాసిక సంధి చదివినవాళ్లు ఒక్కసారి ఆగి చూడండి. వాక్ + మయం వాఙ్మయం. జగత్ + నాథుడు జగన్నాథుడు. క, త, ప ల తర్వాత న, మ లు వస్తే అవి అదే వర్గపు అనునాసికాలుగా మారతాయి. సూత్రం అదే, వర్గాలూ అవే. మార్కుల కోసం బట్టీ పట్టిన సంధి ఇక్కడ అక్షరాలా అక్కరకొస్తుంది.

మాటల విషయానికొస్తే, కొరియన్ పదాల్లో సగానికి పైగా చైనా మూలాల నుంచి వచ్చినవి. మనకు సంస్కృత తత్సమాలు ఎలాగో వాళ్లకు అవి అలాగ. ‘హక్’ అంటే చదువు. ‘హక్క్యొ’ బడి, ‘హక్సేంగ్’ విద్యార్థి, ‘తేహక్’ కళాశాల, ‘హక్చా’ పండితుడు. విద్య నుంచి విద్యార్థి, విద్యాలయం, విద్యావేత్త పుట్టినట్టే. రోజుకు ఇరవై విడి మాటలు బట్టీ పట్టేకన్నా రెండు మూలాలు పట్టుకుని వాటి చుట్టూ ఉన్న మాటలు రాసుకుంటే ఎక్కువ నిలుస్తాయి. ఆ మాటలతో మీ ఊరి గురించి వాక్యాలు రాయండి. ‘కొల్లేరు హోసుఎ సేగా మనాయొ’ అంటే కొల్లేరు సరస్సులో పక్షులు చాలా ఉన్నాయండి. ఆటపాక పెలికాన్ల గురించి, ఉప్పుటేరు గురించి, పెద్దింట్లమ్మ జాతర గురించి, మీ నాన్నగారి చెరువు గురించి రాస్తే మాటలు మీవవుతాయి. పుస్తకంలో ఉన్న సియోల్ మెట్రో స్టేషన్ మనకు గుర్తుండదు.

ఇక సాధనాలు. ఇవాళ కొరియన్ నేర్చుకోవడానికి దొరికే ఉచిత సామగ్రి తక్కువేమీ కాదు. కొరియా ప్రభుత్వం విదేశీయులకు భాష నేర్పడానికి 2012లో సెజోంగ్ సంస్థల ఫౌండేషన్‌ను ఏర్పాటు చేసింది. దాని ఆన్‌లైన్ పాఠాలు, పుస్తకాలు క్రమపద్ధతిలో ఉంటాయి, ఇంట్లో కూర్చుని మొదలుపెట్టేవాళ్లకు నేను మొదట చెప్పేది వాటి గురించే. 2009 నుంచి నడుస్తున్న ‘టాక్ టు మీ ఇన్ కొరియన్’ పాఠాలు వినడానికి బాగుంటాయి, రైల్లో బస్సులో పనికొస్తాయి. వ్యాకరణానికి ‘కొరియన్ గ్రామర్ ఇన్ యూజ్’ మూడు భాగాలు గట్టి పుస్తకాలు. వాటి ప్రతి పాఠం పక్కన ఖాళీలో అదే నిర్మాణం తెలుగులో ఎలా ఉంటుందో రాసుకోండి. ఇంగ్లీషు వివరణ రెండు పేజీలు ఉన్నచోట తెలుగు ఒక్క వాక్యంలో తేలిపోతుంది. డ్యూలింగో అక్షరాలకూ రోజువారీ అలవాటుకూ సరిపోతుంది, దాని మీదే ఏడాది గడిపితే మాట్లాడటం రాదు. నిఘంటువుకు నేవర్, మాటలు మరచిపోకుండా ఉండటానికి ఆంకీ ఉంటే చాలు. అనువాదానికి పాపాగో ఉంది గాని, మీరు రాసిన వాక్యం సరిచూసుకోవడానికి మాత్రమే దాన్ని వాడాలి. ముందే దాన్ని అడిగితే బుర్రకు పని ఉండదు. ఏఐ చాట్ యాప్‌లూ తప్పులు దిద్దుతాయి, అప్పుడప్పుడూ తప్పు కూడా నేర్పుతాయి, కాబట్టి నిఘంటువును పక్కనే ఉంచుకోవాలి.

డ్రామాలు చూస్తే భాష వస్తుందా? సబ్‌టైటిళ్లు చదువుతూ పదహారు ఎపిసోడ్లు చూస్తే కథ వస్తుంది, భాష రాదు. ఒక ఎపిసోడ్‌లో రెండు నిమిషాల సన్నివేశం తీసుకోండి. ఇద్దరే మాట్లాడుకునేది, వంటింట్లోదో ఆఫీసులోదో అయితే మంచిది. మొదట సబ్‌టైటిల్ లేకుండా వినండి. తర్వాత కొరియన్ సబ్‌టైటిల్ పెట్టి ఒక్కో వాక్యం ఆపి రాసుకోండి. తెలియని మాటలకు అర్థాలు వెతకండి. ఆపైన నటుడి వెంటే అదే వేగంతో, అదే రాగంతో పలకండి. ఆ రెండు నిమిషాలకు ఒక గంట పడుతుంది. వారానికి అలాంటి సన్నివేశాలు మూడు చేసినవాళ్ల మాట నాలుగు నెలల్లో మారడం వినేవాళ్లకు తెలుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం పాటించాలి. డ్రామాల్లో స్నేహితులు, ప్రేమికులు మాట్లాడుకునేది ‘పన్మల్’, అంటే మన ‘ఏరా, ఒసే’ స్థాయి. ఇంటర్వ్యూలో మేనేజరుతో అలా మాట్లాడితే ఉద్యోగం అక్కడితో సరి. రాజుల కాలపు డ్రామాల భాష ఇంకా దూరం, కురుక్షేత్రం నాటకంలో పద్యాల మధ్య మాటల్ని బ్యాంకు కౌంటరు దగ్గర వాడినట్టుంటుంది.

ఏలూరులో ఉండి నేర్చుకునేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది మాట్లాడటం. ఎదుట మాట్లాడే మనిషి ఉండడు. దీనికి నేను చూసినంతలో పనిచేసే ఉపాయం ముగ్గురు నలుగురు కలిసి కూర్చోవడం. వారానికి రెండు సాయంత్రాలు గంటసేపు తప్పులైనా సరే కొరియన్‌లోనే మాట్లాడుకోవాలి. కొరియన్లతో భాష ఇచ్చిపుచ్చుకునే హలోటాక్, టాండెమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. కొరియా సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందు. మనకు రాత్రి ఎనిమిదైతే వాళ్లకు పదకొండున్నర, నిద్రపోయే వేళ. సాయంత్రం ఐదు, ఆరు మధ్య ప్రయత్నిస్తే మనిషి దొరుకుతాడు. ఆడపిల్లలు ఈ యాప్‌లలో ఫోన్ నంబరు, ఊరు, ఫోటోలు ఇవ్వకూడదు. భాష తప్ప వేరే మాట ఎత్తినవాణ్ణి అక్కడికక్కడే బ్లాక్ చేయాలి.

తరగతులు కావాలనుకునేవాళ్లకు హైదరాబాద్ ఇఫ్లూలో కొరియన్ బోధన ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ నుంచి పీహెచ్‌డీ దాకా చదవవచ్చు. చెన్నైలో 2006 నుంచి నడుస్తున్న ‘ఇన్‌కో సెంటర్’ (InKo Centre) కొరియన్ తరగతులు నిర్వహిస్తోంది, హౌరా–చెన్నై లైనులో ఉన్న ఏలూరు, తాడేపల్లిగూడెం వాళ్లకు అది ఒక రాత్రి ప్రయాణం. స్థానికంగా కోచింగ్ అంటూ బోర్డు పెట్టినచోట చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. నేర్పేవారికి కొరియన్ భాషా పరీక్ష టోపిక్‌లో ఏ లెవెల్ ఉంది? తరగతిలో హంగుల్‌లో రాయిస్తారా, ఇంగ్లీషు అక్షరాల్లోనా? వారానికి ఎంతసేపు విద్యార్థి చేత మాట్లాడిస్తారు? సరైన జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.

టోపిక్ అనేది 1997లో మొదలైన కొరియన్ భాషా సామర్థ్య పరీక్ష. మొదటి పరీక్షలో ఒకటి, రెండు లెవెళ్లు. వినడం, చదవడం మాత్రమే ఉంటాయి. 200 మార్కులకు 80 వస్తే ఒకటో లెవెల్, 140 వస్తే రెండో లెవెల్. రెండో పరీక్షలో మూడు నుంచి ఆరు దాకా, 300 మార్కులు, రాత కూడా ఉంటుంది. 120కి మూడో లెవెల్, 230కి ఆరో లెవెల్. సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది, కాబట్టి అవసరానికి మరీ ముందు రాయవద్దు. కొరియా విశ్వవిద్యాలయాల భాషా విభాగాలు సాధారణంగా ఒక్కో లెవెల్‌కు పది వారాల్లో 200 గంటలు పాఠం చెబుతాయి. ఆ లెక్కన రోజుకు గంట చొప్పున ఏడాది కదలకుండా చదివిన తెలుగు విద్యార్థి రెండో లెవెల్ ఆశించడం న్యాయమే. ఒకటి మరువకూడదు. ఈ పరీక్షలో మాట్లాడటం లేదు, దానికి వేరే పరీక్ష ఉంది. రెండో లెవెల్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ‘మీ పేరేమిటి’ అన్న ప్రశ్నకు నోరు తెరవలేనివాళ్లు ఉంటారు.

ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లకు ఉన్నమాట చెప్పాలి. ఉత్త కొరియన్‌తో వచ్చే ఉద్యోగాలు దుబాసీ పని, అనువాదం. వాటికి కనీసం నాలుగు, ఐదు లెవెళ్లు కావాలి. మెకానికల్ డిప్లొమాతోనో అకౌంట్స్‌తోనో కొనుగోళ్ల విభాగం అనుభవంతోనో మూడో లెవెల్ కొరియన్ కలిస్తే కొరియన్ కంపెనీలో విలువ పెరుగుతుంది. తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. పై చదువులకు కొరియా ప్రభుత్వం ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ ఉంది. దాని కింద ఎంపికైనవాళ్లకు మొదట ఒక ఏడాది భాష నేర్పుతారు, మూడో లెవెల్ చేరాకే అసలు చదువు. కొల్లేరు ప్రాంతం పిల్లలు బూసాన్‌లోని పుక్యోంగ్ జాతీయ విశ్వవిద్యాలయం గురించి తెలుసుకోవాలి. పాత జాతీయ మత్స్య విశ్వవిద్యాలయం 1996లో మరో సాంకేతిక విశ్వవిద్యాలయంతో కలిసి ఏర్పడిన సంస్థ అది. చేపల పెంపకం, సముద్ర శాస్త్రాలు దాని బలం. తరాల తరబడి చేపల్నీ రొయ్యల్నీ నమ్ముకున్న నేల నుంచి ఫిషరీస్ చదివినవాళ్లు అక్కడికి వెళ్లే ప్రయత్నం చేయకపోవడానికి కారణం లేదు.

మోసాల గురించి ఒక్క మాట. కొరియా 2004 నుంచి ఈపీఎస్ అనే పథకం కింద నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ లాంటి దేశాల నుంచి ఫ్యాక్టరీలకూ పొలాలకూ కార్మికుల్ని తీసుకుంటోంది. దానికి ఈపీఎస్-టోపిక్ అని వేరే పరీక్ష ఉంది. ఆ పథకంలో భారతదేశం లేదు. ‘ఈపీఎస్ పాసైతే కొరియాలో ఉద్యోగం’ అని మన ఊళ్లో ఎవరైనా డబ్బడిగితే అది మోసమే. ఆ పరీక్ష కోసం తయారుచేసిన అరవై పాఠాల పుస్తకం మాత్రం ఉచితంగా దొరుకుతుంది. ఫ్యాక్టరీ మాటలు, పని చోట సంభాషణలు నేర్చుకోవడానికి చక్కగా పనికొస్తుంది, వాడుకోవచ్చు. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటు ప్రభుత్వం దగ్గర నమోదయ్యాడో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. చూడకుండా రూపాయి ఇవ్వకండి.

చివరిగా తెలుగు అధ్యాపకులకు నా విన్నపం. క్రియాజన్య విశేషణం, విభక్తులు, అనునాసిక సంధి, గౌరవ బహువచనం, ఇవన్నీ మీ చేతిలో ఉన్న విద్య. ఏలూరు సి.ఆర్.రెడ్డి కళాశాల లాంటి పాత విద్యాసంస్థలు టోపిక్ ఉత్తీర్ణులైన ఒకరిద్దరిని పిలిపించి, తెలుగు విభాగం వారిని పక్కన కూర్చోబెట్టి, తెలుగు వ్యాకరణం పునాదిగా కొరియన్ వాచకం ఒకటి రాయించాలి. యాభై పాఠాలు చాలు. సాయంత్రం తరగతికి ఒక గది ఇవ్వాలి. చదువుకునే పిల్లలు సిద్ధంగా ఉన్నారు.